క్రొత్త నేలమీది తెల్లని మసక

నిరుడు వైశాఖమున మా క్రొత్త యింటి గృహప్రవేశమునకు నాలుగు దినములు మాత్రమే మిగిలియున్నవి. హాలులో టైల్సు పరచుట ముగిసినది. వాని నడిమి సందులలో గ్రౌటు నింపుటయు ముగిసినది. మేస్త్రి పనిముట్లు కడుగుకొని వెడలిపోయెను. మరునాటి యుదయమున తలుపు తీసి చూచితిమి గదా, అంగడిలో అద్దమువలె మెరసిన పలకలు మా యింట పిండి చల్లినట్లు మసకబారి యున్నవి. తడిగుడ్డ పెట్టించితిమి. తడి యున్నంతసేపు నేల మిలమిలలాడినది. ఆరిన వెంటనే ఎక్కడి మసక అక్కడనే. రెండవ మారు సబ్బునీటితో తుడిపించితిమి. మూడవ మారు ఫినాయిలుతో. మూడు మారులును అదే కథ. సందుల సంగతి చూడబోయిన, కొన్ని ముదురు బూడిదవన్నె, కొన్ని పాలిపోయిన వన్నె. ఒకటి రెండు చోట్ల ఉప్పు రాలినట్లు తెలుపు.

మేస్త్రికి ఫోను చేసితిమి. "యాసిడ్ పోస్తే అరగంటలో పోతుందండీ, కంగారు పడకండి" అనెను.

మా పెద్దమ్మగారు అప్పుడు గడపకు పసుపు పూయుచుండిరి. ఆమె చేతినుండి పసుపునీటి బొట్టు ఒకటి జారి, సగము పలకమీదను సగము సందుమీదను పడినది. పలకమీది సగము పసుపుపచ్చగనే నిలిచినది. సందుమీది సగము మేము చూచుచుండగనే ఎర్రనైనది. పెద్దమ్మగారు వంగి చూచి, "ఇది మురికి కాదర్రా, సున్నం. సున్నాన్ని సబ్బుతో రుద్దితే పోతుందా?" అనిరి.

పసుపులో సున్నము కలిపిన ఎర్రని పారాణి యగునని మన యిండ్లలో ఆడపిల్లలందరికిని తెలియును. పసుపునకు వన్నె నిచ్చు పదార్థము క్షారము తగిలిన ఎరుపెక్కును. నిమ్మరసము వంటి పులుపు తగిలిన మరల పసుపుపచ్చ నగును. రసాయనశాలలో లిట్మసు కాగితము చేయు పనినే వంటింటి పసుపు మా నేలమీద చేసినది. ఆ పరీక్ష చెప్పిన మాటను మేము విని యుండినచో కొంత కీడు తప్పియుండెడిది. ఆ సంగతి తరువాత చెప్పెదము.

గ్రౌటు అనునది పేరునకు క్రొత్తదియే గాని, వస్తువు మనకు పాతదే. దానిలో ముఖ్యమైనది సిమెంటు. దానికి వన్నె కొఱకు రంగుపొడిని, పట్టు కొఱకు కొంత జిగురు వంటి పదార్థమును చేర్తురు. సందు వెడల్పు 3 మిల్లీమీటర్లకు మించినచో సన్నని యిసుక కలిసిన రకమును వాడుదురు. ఇక సిమెంటు మాట. ఇంగ్లండులో జోసెఫ్ ఆస్ప్‌డిన్ అను ఇటుకపనివాడు 1824లో పోర్ట్‌లాండు సిమెంటునకు పేటెంటు పొందెను. సున్నపురాయిని బంకమట్టితో చేర్చి కాల్చి పొడి చేసిన పదార్థ మది. దానిలో నీరు పోయగానే లోపల ఒక రసాయన క్రియ మొదలగును. ఒక వంక సిమెంటు రాయివలె బిగిసికొనును. మరియొక వంక దానినుండి సున్నము విడివడును. ఈ సున్నము నీటిలో కొద్దికొద్దిగా కరగి, ఆ నీటితోబాటు పైకి వచ్చును. నీరు గాలికి ఆరిపోగా సున్నము మాత్రము నిలిచి, గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకొని సుద్దగా మారును. సున్నము నీటిలో కొంతయైన కరగును గాని, సుద్ద కరగదనియే చెప్పవచ్చును.

గోడకు వెల్ల వేయువారిని చూచినవారికి ఇది వింత కాదు. పచ్చిగా నున్నప్పుడు వెల్ల పలుచగా, గోడ కనబడునట్లే యుండును. ఆరిన పిదప తెల్లబడును. కొన్ని దినములు గడచిన, వాన కొట్టినను పూర్తిగా పోదు. గోడకు మనము కోరి వేసికొను వెల్లయే నేలమీద కోరకుండ పడినది. ఆ పొరలో సున్నముతోబాటు సిమెంటు రేణువులు, రంగుపొడి, ఆ జిగురు గూడ నుండును. నేటి గ్రౌటులలో జిగురు పాలు హెచ్చు గనుక, వెనుకటి పొరకంటె నేటి పొర గట్టిగా పట్టుకొనును.

తడిపినప్పుడు మసక మాయమై, ఆరగానే తిరిగి వచ్చుటకు కారణము కూడ సులభమే. పొర గరుకుగా నుండును. దానిమీద పడిన వెలుతురు నలుదెసల చెదరి, కంటికి తెల్లగా కనబడును. నీరు ఆ గరుకులోని పల్లములను నింపగా వెలుతురు తిన్నగా లోనికి పోయి, క్రింది పలక కనబడును. తెల్లని పంచె తడిసిన పలుచనై కనబడుట ఇటువంటిదే. కావున తడినేల శుభ్రముగా కనబడినదని పనిమనిషిని మెచ్చుకొనుటయు, ఆరినపిదప కోపపడుటయు రెండును తొందరపాటులే.

సబ్బు సంగతి మరియు విచిత్రము. బోరు నీటిలో సబ్బు నురుగు రాక, తెల్లని జిడ్డు తేలుట చూచియుందుము. నీటిలోని కాల్షియముతో సబ్బు కలిసి కరగని తెట్టు నేర్పరచును. క్రొత్త నేలమీద కాల్షియమునకు కొదవ లేదు. కనుక సబ్బుతో రుద్దినకొలది మొదటి మసకమీద రెండవ మసక చేరును. మేము రెండవ మారు చేయించినది ఇదియే. కుంకుడుకాయ రసమునకు ఈ దోషము లేదు. అది కాల్షియముతో తెట్టు కట్టదు. అయినను సుద్దను అది గూడ కరిగింపలేదు.

మసక మరునాడు కనబడునే గాని, పుట్టుట మాత్రము గ్రౌటు నింపిన గంటలోనే. దానికి మూలము నీరు. పొడిని కలుపునప్పుడు సంచిమీద వ్రాసిన పాళ్ళకు మించి నీరు పోసినచో పని సులువుగా సాగును. అందుచేతనే పనివారు ఒక చెంబు ఎక్కువ పోయుదురు. ఆ ఎక్కువ నీరు ఎండిపోవునప్పుడు రంగును, సున్నమును పైకి లాగును. సందులో సన్నని రంధ్రములు విడుచును. సందు బలహీనమగును, వన్నె పాలిపోవును, పలకమీద పొర దళసరి యగును. ఒక్క చెంబు నీరు ఇన్ని పనులు చేయును. ఉప్పునీటి బోరు ఉన్న యిండ్లలో ఆ నీటితో గ్రౌటు కలుపరాదు. త్రాగు నీరే వాడవలెను. లేకున్న నీటిలోని లవణములు గూడ సున్నముతోబాటు పైకి తేలును.

కలిపిన ముద్దను అయిదు పది నిమిషములు ఊరనిచ్చి మరల కలుపవలెను. నడుమ గట్టిపడినదని నీరు చిలుకరాదు. రబ్బరు పలకతో సందులలోనికి వత్తి నింపి, సందులకు ఐమూలగా లాగి, పైన మిగిలిన ముద్దను వీలైనంత వరకు ఎత్తివేయవలెను. పలకమీద మిగిలిన ప్రతి చిటికెడును తరువాత మసకయే. ముద్ద వ్రేలితో నొక్కిన అంటుకొనకుండ బిగిసినపిదప, సామాన్యముగా పావుగంట మొదలు అరగంట లోపల, స్పాంజితో తుడువవలెను. ఈ తుడుపులోనే నేర్పంతయు నున్నది. స్పాంజిని బాగుగా పిండవలెను, నీరు కారరాదు. ఒక వైపుతో ఒక మారు లాగి, త్రిప్పి రెండవ వైపుతో మరియొక మారు లాగి, ఆ వెంటనే కడుగవలెను. రెండు బకెట్లు పెట్టుకొనుట మేలు: ఒకదానిలో మురికి విడుచుటకు, మరియొకదానిలో తొలచుటకు. నీరు పాలవలె మారినదనగా పారబోయవలెను. మా యింట పని జరుగుచుండగా హాలంతటికిని ఒక్క బకెట్టు నీరే వాడిరి. మేము అక్కడనే కుర్చీలో కూర్చుండి పేపరు చదువుచుంటిమి! ఆ పాలవంటి నీటితో పలకలను తుడుచుట తుడుచుట కాదు, వెల్ల వేయుట.

వేసవిలో ఈ చిక్కు రెట్టింపగును. రాయలసీమలోగాని తెలంగాణమునగాని చైత్ర వైశాఖములలో మిట్టమధ్యాహ్నము పని చేసినచో, ముద్ద సందులోనికి దిగకముందే పైపొర ఎండిపోవును. ఫంకా క్రింది భాగము ఒక వన్నెగను, కిటికీ యెదుటి ఎండపడు భాగము మరియొక వన్నెగను ఆరును. ఉదయమున పని మొదలిడి, ఎండ పడు కిటికీలకు దుప్పటి కట్టి, ఫంకా ఆపి, మూడు నాలుగు గజముల మేర చొప్పున ముగించుచు పోవుట మంచిది. పనివారికి ఉక్క యెక్కువగును గనుక నడుమ నడుమ మజ్జిగ, విశ్రాంతి యియ్యవలసినది యజమానులే.

స్పాంజితో తుడిచిన రెండు మూడు గంటలకు పలకమీద పలుచని పొడి తేలును. అదియే మసకకు పసితనము. అప్పుడు పొడి నూలుగుడ్డతో, పాత పంచె ముక్కతో రుద్దినచో మారుమాట లేక పోవును. నీరు అక్కరలేదు. కొందరు పాత మేస్త్రీలు శుభ్రమైన పొడి రంపపుపొట్టు చల్లి గోనెపట్టతో రుద్దుదురు. పొట్టు పొడిని పట్టుకొని తనతో తీసికొనిపోవును. ఆ రాత్రి గడవకముందు రుద్దిన చేతికి పది నిమిషముల పని. వారము దినములు గడచిన పిదప నడుము విరుగు పని. గృహనిర్మాణమునకు లక్షలు వెచ్చించువారు ఈ పది నిమిషములు మేస్త్రిచేత చేయించుకొనక పోవుటకు కారణము మాకు తెలియును: ఆ సాయంకాలము అందరును అలసియుందురు.

పొర ఆరి గట్టిపడినచో ఏమి చేయవలెను? ముందు చేయవలసినది చూచుట. ఒక పలకను తడిపి చూడుడు. తడిలో మసక పోయి ఆరిన పిదప వచ్చినచో అది పైపొర. గోరుతో గీచిన తెల్లని పొడి రాలును. తడిలో గూడ మచ్చ మచ్చగనే యుండినచో అది పొర కాదు. పలకయే గీరుకొనియైనను, ఏదైన తినివేసియైనను ఉండును. దానిని ఎంత తోమినను లాభము లేదు.

పొరయే అని తేలినపిదప ఒక దినము ఉత్తనీటితోను, మెత్తని నైలాను పీచుతోను ప్రయత్నింపవలెను. ఇనుపపీచు పనికిరాదు, అది గీతలు పెట్టును, దాని తునకలు సందులలో నిలిచి తుప్పుమచ్చలగును. పీచుతో రుద్దిన తెల్లని నీటిని అట్లే ఆరనీయక, వెంటనే గుడ్డతో ఎత్తి, మంచినీటితో తుడిచి, పొడిగుడ్డతో ఆర్పవలెను. ఎత్తనిచో మసక చోటు మారునే గాని పోదు. సగము ఇండ్లలో ఇంతతో పని ముగియును.

ముగియని యెడల పులుపు కావలెను. సుద్దను కరగించునది ఆమ్లము. అందు సందేహము లేదు. కాని ఆమ్లమునకు ఇది పలకమీది సుద్ద, ఇది సందులోని సిమెంటు అను భేదము తెలియదు. అన్నిటికంటె ముఖ్యముగా, నేల దేనితో చేసినదో తెలియక ఆమ్లమును తాకరాదు. గాజుపూత గల సిరామిక్ పలకలును, విట్రిఫైడ్ పలకలును పలుచని పులుపునకు చెడవు. విట్రిఫైడ్ పలక తన బరువులో నూటికి అరపాలు మించి నీరు పీల్చదు. గోడలకు వేయు సిరామిక్ పలక పదిపాళ్ళకు పైగా పీల్చును గనుక దాని అంచులు ముందుగా తడుపవలెను. గ్రానైటు చాలవరకు ఓర్చుకొనును. కాని మన రెండు రాష్ట్రములలో పాతయిండ్ల నేలలు, నేటికిని వరండాలు, పెరడులు ఏ రాతితో పరచబడినవి? తాండూరు బండ, షాబాదు బండ, బేతంచెర్ల రాయి, కడప నల్లరాయి. ఇవన్నియు సున్నపురాయి జాతివి. చలువరాయియు అంతే. మొజాయిక్ నేలలోని తెల్లని చిప్పలును చాలవరకు చలువరాతి ముక్కలే. వీనిమీద పులుపు పడుట యనగా సుద్దమీద పులుపు పడుటయే. వెనిగరుగాని, నిమ్మరసముగాని పడిన చోట మెరుగు పోయి, గరుకైన వెలిసిన మచ్చ నిలుచును. ఇట్టి నేలలకు నీరు, పీచు, ఓపిక. అంతకు మించినది కావలసినచో రాతిని పాలిషు పట్టువారు.

సిరామిక్, విట్రిఫైడ్ నేలలైనచో గ్రౌటు నింపిన పది దినములవరకైనను ఆగవలెను. లేత సందును పులుపు తినివేయును. వంటకు వాడు వెనిగరులో నూటికి నాలుగైదు పాళ్ళు ఆమ్ల ముండును. దానిని ఒక గ్లాసు తీసికొని నాలుగు గ్లాసుల నీటిలో పోసి, ముందు బీరువా క్రింద కనబడని మూలను పరీక్షింపవలెను. ఒక దినము చూచి, వన్నె మారలేదని తేలినపిదప మిగిలిన నేలకు రావలెను. మొదట సందులను మంచినీటితో బాగుగా తడుపుడు. నీరు త్రాగిన సందు పులుపును త్రాగదు. తరువాత ఒక చదరపు గజము మేర మాత్రము పులుపునీరు రాచి, రెండు మూడు నిమిషములు పీచుతో రుద్ది, గుడ్డతో ఎత్తి, వెంటనే రెండు నీళ్ళతో కడుగవలెను. చివర నొక బకెట్టు నీటిలో రెండు చెంచాల తినేసోడా కలిపి తుడిచినచో మిగిలిన పులుపు విరిగిపోవును. మరల మంచినీరు, పొడిగుడ్డ. తానై ఆరనిచ్చిన నేల మరల మసక పడును.

వెనిగరునకు లొంగని పొరకు సల్ఫామిక్ ఆమ్లముతో చేసిన పొడి దొరకును. టైల్సు సామాను అమ్ము అంగళ్ళలో గ్రౌటు మసక కొఱకే అమ్ముదురు. పొట్లముమీద వ్రాసిన పాలు మించరాదు. చేతులకు రబ్బరు తొడుగులు, కంటికి అద్దములు ఉండవలెను. చింతపండు సంగతి చాలమంది యడుగుదురు. ఇత్తడి బిందె తోమినట్లు తోమవచ్చును గదా యని మేమును ప్రయత్నించితిమి. మసక కొంత పోయినది; లేత వన్నె సందులు మాత్రము పులుసుకాగు అంచువలె గోధుమవన్నె తిరిగినవి. చింతపండును వంటింటికే విడుచుట మంచిది.

ఇక మేస్త్రి చెప్పిన యాసిడు. అంగళ్ళలో ఆ పేరుతో అమ్మునది హైడ్రోక్లోరిక్ ఆమ్లము. పాయిఖానా దొడ్లు కడుగు ద్రావకములలో చాలవానియందు ఉండునదియు అదియే, బలము తక్కువ. గృహప్రవేశమునకు రెండు దినముల ముందు మేస్త్రి వచ్చి, సందులు తడుపకయే దానిని హాలులో పోసి చీపురుతో రాచెను. చెప్పినట్లే మసక పోయినది. పలకలు మెరసినవి. మేము సంతోషించితిమి. కాని పోసిన నీరు వాలునుబట్టి వరండాలోనికి పారెను. వరండాలో బేతంచెర్ల రాయి. సోడాబుడ్డి పొంగినట్లు చుయ్యిమని నురుగు లేచినది. మేము బకెట్టు తెచ్చి నీరు పోయునప్పటికి బారెడు మేర మెరుగు పోయి, పాదమునకు గరుకు తగులుచున్నది. హాలులోని సందులు మరునాటికి గుంటలు పడి, రంగు పోయి, ఇసుక కనబడెను. స్నానాల గదిలోని కుళాయిల మెరుగు ఆవిరికే నల్లబడినది.

అంతటితో ఆగియుండిన బాగుండెడిది. స్నానాల గదిలో యాసిడు వాసన పోవలెనని, మా యింట పాచిపని చేయు ఆమెను పిలిచి, బ్లీచింగు పొడి చల్లి కడుగుమంటిమి. నేలమీద యాసిడు ఇంకను తడిగానే యున్నది. ఆమె పొడి చల్లగానే ఆకుపచ్చ చాయ గల పసుపువన్నె పొగ లేచినది. అది క్లోరిను వాయువు. మొదటి ప్రపంచయుద్ధమున 1915లో సైనికులమీద విడిచిన విషవాయు వదియే. కిటికీ మూసియున్నది. ఆమె కొంగు నోట పెట్టుకొని దగ్గుచు బయటకు వచ్చి గోడ పట్టుకొని కూలబడెను. ఆస్పత్రికి తీసికొనిపోయితిమి. సాయంకాలమువరకు ప్రాణవాయువు పెట్టి చూచిరి. ప్రాణభయము తప్పినది గాని దగ్గు వారము దినములు విడువలేదు. మా గృహప్రవేశమునకు ఆమె రాలేదు. వచ్చినపిదప, "నాదే పొరపాటు అమ్మగారూ, ఎక్కువ పోసినట్టున్నాను" అనెను. పొరపాటు ఆమెది కాదు. ఆ రెంటిని కలుపుమని చెప్పినది మేము. రెండు సీసాలమీదను వ్రాసియున్న హెచ్చరిక చదువ నేర్చినవారమును మేమే.

కనుక ఆ యాసిడును ఇంటిలో వాడవద్దనియే మేము చెప్పెదము. ఎవరైన వాడుచుండగా చూచినచో తలుపులు, కిటికీలు తెరువుడు. బ్లీచింగు పొడిని, దానితో చేసిన ఏ ద్రావకమును ఆ దినమున ఆ గదిలోనికి రానీయకుడు. వాయువు పీల్చినవారిని వెంటనే ఆరుబయటకు తీసికొనిపోయి వైద్యునికి చూపవలెను. చర్మముమీదగాని కంటగాని యాసిడు పడినచో పావుగంటకు తక్కువకాకుండ ధారగా నీరు పోయుట మొదటి వైద్యము. తుప్పుమచ్చలు పోగొట్టుటకు అమ్ము కొన్ని ద్రావకములలో హైడ్రోఫ్లోరిక్ ఆమ్ల ముండును. అది పలకమీది గాజుపూతనే తినివేయును. మనుష్యునకు మరియు ప్రమాదకరము.

పలకలమీది మసక పోయినను సందుల వన్నె సమముగా లేదని విచారించువా రున్నారు. ముందు నెల దినములు ఆగి చూచుట మంచిది. సిమెంటు పూర్తిబలము పొందుటకు పనివారు 28 దినముల లెక్క కట్టుట వాడుక. లోపల తడి యున్న సందు ముదురుగా, ఆరిన సందు లేతగా కనబడుట సహజము. నెల గడచిన పిదపను తెల్లని పొడి తేలుచున్నచో అది క్రిందినుండి తడి వచ్చుటవలన. నేల అడుగున చెమ్మ యున్నంతకాలము సున్నము, ఉప్పు పైకి వచ్చుచునే యుండును. అట్టి పొడిని పొడి బ్రష్షుతో ఊడ్చి ఎత్తివేయవలెను. నీటితో కడిగినచో లవణము కరగి మరల సందులోనికే దిగి, రేపు మరల మొలచును. స్నానాల గది ప్రక్క గోడ పొడుగున మాత్రమే తెలుపు తేలుచున్నచో నేలను విడిచి గొట్టములను చూపించుకొనుడు.

కొన్ని యిండ్లలో సందులకు గ్రౌటు మారుగా ఉత్త తెల్లసిమెంటు పూయుదురు. చౌక యనుట నిజమే. సంవత్సరము తిరుగకముందే నడకదారి పొడుగున నల్లబడును. అది మురికిని పీల్చుకొనుటయే గాని మసక కాదు; దానికి పై యుపాయము లేవియు పనికిరావు. సందులను అరంగుళములో సగమైనను గీకి తీసి మంచి గ్రౌటు నింపుటయే దారి. యాసిడు తినిన మా హాలు సందులకును అదే చేయించితిమి. ఈ మారు రెండు బకెట్లు పెట్టించి, సాయంకాలము పంచె ముక్కతో మేమే రుద్దితిమి. మసక పడలేదు.

గృహప్రవేశపు మచ్చల గూర్చి ఒక మాట. పొంగించిన పాలు, దీపపు నూనె, పసుపు, కుంకుమ, వీనికి లేత సందు స్పాంజివంటిది. పొయ్యి పెట్టు చోటను, గడప వద్దను, పీటల క్రిందను ఒక మందమైన కాగితమో పాత చాపయో పరచిన చాలును. పాలు పడినచో చల్లనీటితో వెంటనే తుడువవలెను. నూనె పడినచో బియ్యపుపిండి చల్లి పీల్చనిచ్చి ఎత్తవలెను. సందు మీద ఎర్రబడిన పసుపును చూచి భయపడనక్కరలేదు. పసుపు వన్నె ఎండకు నిలువదు. ఎండ పడు చోటనైనచో కొన్ని దినములకు తానే వెలిసిపోవును. కుంకుమ సంగతి వేరు. అంగడి కుంకుమలో కలిపిన రంగు ఎండకు లొంగునని చెప్పజాలము.

ఎపాక్సీ గ్రౌటు వాడినవారికి ఇంతవరకు చెప్పినది వర్తింపదు. అందులో సిమెంటు లేదు, సున్నము లేదు. దాని మసక జిగురు పొర. పులుపు దానిని తాకలేదు. నింపిన గంట రెండు గంటలలోనే, దానితో ఇచ్చు ద్రావకముతోగాని, తయారుచేసినవారు చెప్పిన విధముగాగాని కడిగి ముగింపవలెను. మరునాటికి విడిచినచో ప్రత్యేకముగా అమ్ము ద్రావకముతో పొర మెత్తబరచి గీకవలసి వచ్చును. కావున ఆ పని తెలిసిన మేస్త్రినే పిలువుడు.

సిమెంటు గ్రౌటు బాగుగా ఆరినపిదప, నెల దినములకు, సందులకు సీలరు పూయుట యుక్తము. అది పైన వార్నిషువలె నిలుచునది కాదు. లోనికి ఇంకి రంధ్రములను మూయును. పూసిన పది నిమిషములకు పలకమీద మిగిలిన దానిని తుడిచివేయవలెను. తుడువక విడిచినచో అదియు మరియొక మసక యగును. మా వరండాలోని బేతంచెర్ల రాతికి పాలిషు పట్టువారు వచ్చి మూడు దినములు యంత్రము త్రిప్పిరి. చాలవరకు మెరుగు తిరిగి వచ్చినది. గడప ప్రక్క ఒక్క రాయి మాత్రము ఇంకను వెలిసియే యున్నది. పెద్దమ్మగారు అక్కడ తులసికుండీ పెట్టించిరి.